8.7 కిలోల పాపకు సరిపోయే డ్రాయరు: కొలతలతో ప్రాజెక్టు డైరీ

పాటీ (పిల్లలు ఒంటికీ రెంటికీ కూర్చునే చిన్న పాత్ర) అలవాటు చేసే వయసు వచ్చింది కానీ పాప చాలా చిన్నది. దొరికిన వాటిలో అన్నిటికన్నా చిన్న డ్రాయరు కూడా నాలుగడుగులు వేసేసరికి తొడల మీదికి జారిపోతుంది. ఇదే ఇబ్బంది ఉన్నవాళ్ళు మొదటినుంచి తిప్పలు పడకుండా ఏది కొలవాలి, ఏది పనికిరాదు, ఏది ఎందుకు మార్చాలి అన్నది వరసగా ఇక్కడ ఉంది. విడిగా చెప్పకపోతే అంకెలన్నీ సెంటీమీటర్లే.

దశ 1: పాప కొలతలు

వయసు 22 నెలలు, బరువు 8.7 కిలోలు, పొడవు 78. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల పట్టికల్లో 24 నెలల ఆడపిల్లల మధ్యస్థ బరువు 11.5 కిలోలు, మగపిల్లలది 12.2. "2 ఏళ్ళు" అని చీటీ ఉన్న బట్టలు కోసేది ఆ మధ్యస్థానికి అటూ ఇటూ ఉండే పిల్లల కోసం. ఆరోగ్యంగానే ఉంటూ పట్టికలో కింది గీతల వెంట ఎదిగే పిల్లలకు అవి వదులైపోతాయి. యూరప్ సైజుల్లో 80, 86, 92 అనే అంకెలు పిల్లల పొడవును సెంటీమీటర్లలో చెప్తాయి. వయసు చీటీ కన్నా అవి కొంత నయం, కానీ తొడ లావు గురించి వాటిలోనూ ఏమీ ఉండదు.

డైపరు తీసేసి, పాప నిలబడి ఉన్నప్పుడు కొలవాలి. టేపు చూస్తే పిల్లలు దాన్ని లాగేస్తారు. ఊలు దారం చుట్టి, కలిసిన చోట వేళ్ళతో పట్టుకుని, తర్వాత దాన్ని స్కేలు మీద పరిస్తే పని తేలిక.

1. నడుము: బొడ్డుకు 2 కిందుగా, బిగించకుండా. 43.
2. పిర్రలు: బాగా ఎత్తుగా ఉన్న చోట. 45.
3. తొడ: గజ్జకు ఆనించి, పైభాగంలో. 25.
4. కాళ్ళ సందు: ముందు నడుము గీత దగ్గర మొదలుపెట్టి, కాళ్ళ మధ్య నుంచి వెనక నడుము గీత దాకా. 37.

నడుము కొలత తిన్నాక ఒకసారి, పరగడుపున ఒకసారి తీయాలి. ఈ వయసులో పొట్ట ఉబ్బితే ఒకటి, ఒకటిన్నర తేడా వస్తుంది. ఎలాస్టిక్‌కు పెద్ద అంకెనే తీసుకోవాలి. పైన ఉన్న 43 తిన్న తర్వాతిదే.

నడుముకీ పిర్రలకీ తేడా 2 మాత్రమే అని గమనించండి. పెద్దవాళ్ళకు డ్రాయరు తుంటి మీద ఆగుతుంది. ఈ వయసు పిల్లలకు అలా ఆనుకునే చోటే లేదు, పైగా పొట్ట ముందుకు వస్తుంది. అందుకే ముందు ఎలాస్టిక్ పొట్ట కిందికి జారుతుంది, ఆ జారుడుతో వెనక భాగం కూడా దిగిపోతుంది. నడుము ఎంత బిగించినా ఇది ఆగదు. ముందు తక్కువ ఎత్తు, వెనక ఎక్కువ ఎత్తు ఉండాలి, తొడ దగ్గర పట్టీ సరిగ్గా ఆనాలి. ఇక్కడి నుంచి చేసిన ప్రతి మార్పుకూ మూలం ఇదే.

దశ 2: కొన్న వాటిని పరిచి కొలవడం

తొడిగి చూసే ముందు డ్రాయరును బల్ల మీద పరచి కొలిస్తే చాలా వాటిని అక్కడే పక్కన పెట్టేయవచ్చు.

1. నడుము పట్టీని లాగకుండా అడ్డంగా కొలిచి రెట్టింపు చేయాలి. కావలసింది 37 నుంచి 40.
2. అదే పట్టీని మామూలు బలంతో లాగి కొలిచి రెట్టింపు చేయాలి. కనీసం 50 రావాలి. రాకపోతే పిర్రల మీదుగా పాప సొంతంగా లాగలేదు.
3. కాలు దూరే అంచును గుండ్రంగా చుట్టూ కొలవాలి. కావలసింది 23 నుంచి 25.
4. ముందు పై అంచు నుంచి కాళ్ళ మధ్యగా వెనక పై అంచు దాకా టేపు పరచాలి. కావలసింది 36 నుంచి 39.

మూడు రకాలను ఇలా పరిచి చూస్తే వచ్చిన అంకెలు ఇవి.

"2 ఏళ్ళు" చీటీ ఉన్న మామూలు డ్రాయరు: నడుము 42, కాలు 31, కాళ్ళ సందు 45. నడుము దగ్గర దగ్గరగా సరిపోయినట్టే ఉంటుంది, తీసుకోవాలనిపించేది కూడా అందుకే. కాలు దగ్గర 6 ఎక్కువ ఉంది. అంటే తొడకూ గుడ్డకూ మధ్య పెద్దవాళ్ళ రెండు వేళ్ళు దూరి ఇంకా చోటు మిగులుతుంది. ఒంటేలు పోస్తే గుడ్డ తడవకుండానే ఆ సందులోంచి నేరుగా నేల మీదికి పోతుంది.

మెత్త ఉన్న ట్రైనింగ్ ప్యాంటు, అతి చిన్న సైజు: నడుము 40, కాలు 27, కాళ్ళ సందు 42. అంకెలు చూస్తే దీనికి అవకాశం ఉన్నట్టుంది. తొడిగితే మెత్త దళసరిగా ఉండి కాళ్ళను ఎడం చేస్తుంది. పాప డైపరులో నడిచినట్టే నడుస్తుంది, డైపరులో చేసినట్టే చేసేస్తుంది.

గౌనుల కిందికి వచ్చే బ్లూమరు, 12 నెలల సైజు: నడుము 40, కాలు 24, కాళ్ళ సందు 46. డైపరు మీద తొడగడానికి కోసింది కాబట్టి కాళ్ళ సందు పొడవు ఎక్కువ. నడుము, కాలు మాత్రం సరిపోయాయి. పొడవు తగ్గించడం తేలిక, కాలు అంచు తగ్గించడం కష్టం. అందుకే మూడింట్లోనూ మార్చదగ్గది ఇదే.

ఇప్పటిదాకా లెక్క: ఉన్నదున్నట్టు సరిపోయినవి 0. మార్చదగ్గవి 2 బ్లూమర్లు.

దశ 3: బ్లూమరు మార్చడం

ముందుగా అందరికీ తోచేది నడుము ఎలాస్టిక్ బిగించడం. 40ని 37కు తగ్గించి చూస్తే జారడం ఆగలేదు. కాళ్ళ మధ్య 9 సెంటీమీటర్ల గుడ్డ సంచీలా వేలాడుతుంది, నడిచే కొద్దీ తొడలు దాన్ని రుద్ది కిందికి లాగుతాయి. బిగించినందువల్ల పొట్ట మీద ఎర్రటి గీత మాత్రం పడింది.

రెండోది వెనక మధ్యలో 1.5 లోతున నిలువు మడత వేసి కుట్టడం. విప్పకుండా పది నిమిషాల్లో అయిపోయే పని. నిలబడినప్పుడు బాగుంటుంది. పాప కూర్చుంటే ఆ మడత నేరుగా వెన్నెముక చివర గుచ్చుకుంటుంది. పైగా ఇది తగ్గించేది వెడల్పునే. కాళ్ళ సందు పొడవు 46 అలాగే ఉంటుంది.

పనికొచ్చింది పై నుంచి కోసి కొత్తగా ఎలాస్టిక్ మడత వేయడం. పాత మడత, ఎలాస్టిక్ మొత్తం పోతాయి.

1. బ్లూమరును పరచి, ముందు మధ్యలో పై అంచు నుంచి 2.5 కిందికి, వెనక మధ్యలో 1.5 కిందికి సుద్దతో గుర్తు పెట్టాలి.
2. పక్క కుట్ల దగ్గర 2 కిందికి గుర్తు పెట్టి, నాలుగు గుర్తులనూ వంపుగా కలపాలి.
3. ఆ గీత మీద కోయాలి. పాత ఎలాస్టిక్ కోత గీతకు అడ్డం వస్తే దాన్ని ముందే విప్పి తీసేయాలి.
4. కొత్త అంచును లోపలికి 0.5, మళ్ళీ 1.5 మడిచి, సన్నటి జిగ్‌జాగ్‌తో కుట్టాలి. వెనక 2.5 సందు వదిలేయాలి.
5. 12 మిల్లీమీటర్ల వెడల్పున్న మెత్తటి ఎలాస్టిక్ 40.5 కోసి, చివర పిన్నీసు గుచ్చి, మడతలోకి దూర్చాలి.
6. చివరలు 1.5 ఒకదాని మీద ఒకటి వేసి కుట్టాలి. తయారైన చుట్టు 39. సందు మూసేయాలి.

లెక్క చూసుకోండి: కోతలో 2.5, 1.5 కలిపి 4 పోయింది. మడతల్లో ముందు 2, వెనక 2 కలిపి మరో 4. 46లో 8 పోతే 38. వెనక్కన్నా ముందు 1 ఎక్కువ తగ్గింది, అది పొట్ట కోసం.

సాగని నేత గుడ్డ బ్లూమరైతే ఇంకో జాగ్రత్త ఉంది. ఎలాస్టిక్ సాగినా గుడ్డ సాగదు కాబట్టి కోసిన చోట గుడ్డ చుట్టుకొలత కనీసం 50 ఉందో లేదో కోయకముందే కొలవాలి. సాధారణంగా ఉంటుంది, ఎందుకంటే బ్లూమరు నడుము దగ్గర కుచ్చులు పెట్టి ఉంటుంది.

ఇప్పటిదాకా లెక్క: తొడగదగ్గవి 2. ఎలాస్టిక్ 81. గుడ్డ 0.

దశ 4: సొంత కటింగ్ పేపరు

రెండు డ్రాయర్లతో పాటీ ట్రైనింగ్ సాగదు. మొదటి రోజుల్లో రోజుకు ఆరు తడవడం మామూలే. ఉతికినవి ఆరడానికి ఇంకో రోజు పడుతుందనుకుంటే 12 కావాలి. మిగతా 10 పెద్దవాళ్ళ పాత కాటన్ టీషర్టుల నుంచి.

టీషర్టు గుడ్డే ఎందుకంటే అది బనియన్ గుడ్డలా అడ్డంగా సాగుతుంది, చాలాసార్లు ఉతికింది కాబట్టి ఇంక పెద్దగా కుంచించుకోదు, మెత్తబడి ఉంటుంది. కోసే ముందు ఒక పరీక్ష: 10 పొడవు ముక్కను అడ్డంగా లాగితే 13 దాకా తేలిగ్గా రావాలి, వదిలితే మళ్ళీ 10కి చేరాలి. వదిలాక 11 దగ్గర ఆగిపోయే గుడ్డ డ్రాయరుకు పనికిరాదు, మధ్యాహ్నానికి వదులైపోతుంది. కొత్త గుడ్డ తీసుకుంటే 20 x 20 ముక్క కోసి, ఉతికి, ఆరేసి కొలవాలి. నిలువున 19కి వస్తే 5 శాతం తగ్గినట్టు. కాబట్టి గుడ్డంతా ముందే ఉతికి కోయాలి.

కటింగ్ పేపరు అంటే గుడ్డ కోయడానికి కాగితం మీద గీసుకునే నమూనా. కింది అంకెలు తయారైన కొలతలు. ముందు, వెనక ముక్కలను మధ్యలో మడత మీద సగం గీసుకోవాలి.

1. ముందు సగం: పై వెడల్పు 10. మధ్య పొడవు 16.5. కింది వెడల్పు 3.5.
2. వెనక సగం: పై వెడల్పు 11. మధ్య పొడవు 20.5. కింది వెడల్పు 3.5.
3. పక్క కుట్టు ఎత్తు రెండింటికీ 7.
4. పక్క కుట్టు కింది చివర నుంచి కింది వెడల్పు చివరకు కాలు వంపు. ముందు వంపు లోపలికి బాగా తిరగాలి, పొడవు సుమారు 12.5. వెనక వంపు దాదాపు తిన్నగా ఉండాలి, పొడవు సుమారు 15.5.
5. కుట్టుకు వదిలేది పక్కల, కింద, కాలు అంచున 0.6. పైన మడతకు 2.

ముందు 16.5, వెనక 20.5 కలిపితే 37. పాప కాళ్ళ సందు కొలత అదే. కాలు అంచు 12.5, 15.5 కలిపి 28. తొడ 25 అయితే అంచు 28 ఏమిటంటే, తొడ కొలత అడ్డంగా తీసింది, డ్రాయరు కాలు అంచు గజ్జ వెంట ఏటవాలుగా తిరుగుతుంది. ఈ 28ని పట్టీ 24కు దగ్గరికి లాగుతుంది.

కాలు పట్టీ: 25.2 పొడవు, 3.5 వెడల్పు, రెండు ముక్కలు. పొడవు గుడ్డ సాగే వైపే ఉండాలి. నిలువుగా కోసిన పట్టీ సాగదు, తొడ మీదికి ఎక్కనే ఎక్కదు. గుడ్డ మిగుల్చుకోవడానికి పట్టీలను ఎలా పడితే అలా కోస్తే డ్రాయరు మొత్తం వృథా.

ఒక టీషర్టులో ముందు ముక్క, వెనక ముక్క పక్కపక్కన పెడితే సుమారు 46 వెడల్పు, 23 ఎత్తు అవుతుంది. 50 వెడల్పు, 65 పొడవు ఉన్న టీషర్టు ఒక పొరలో అలాంటి వరసలు రెండు పడతాయి, మిగిలిన 19 ఎత్తులో పట్టీలు వస్తాయి. రెండు పొరలూ కలిపి 4 డ్రాయర్లు.

దశ 5: కుట్టు, అందులో చెడిపోయేవి

సూది బనియన్ గుడ్డల కోసం వచ్చే గుండ్రటి మొనది ఉండాలి, 75 నంబరు. మామూలు మొన ఉన్న సూది దారాలను తెంపుతుంది, రెండు ఉతుకుల తర్వాత కుట్టు వెంట చిన్న చిన్న చిల్లులు వరసగా కనిపిస్తాయి. అన్ని కుట్లూ జిగ్‌జాగ్, వెడల్పు 2.5 మిల్లీమీటర్లు, పొడవు 2 మిల్లీమీటర్లు. తిన్నటి కుట్టు వేస్తే గుడ్డ సాగినప్పుడు దారం పుటుక్కున తెగుతుంది. పాప డ్రాయరును లాగేది పక్క కుట్టు దగ్గరే కాబట్టి ముందు తెగేదీ అదే. మిషను పాదం కింద గుడ్డ అలలుగా సాగిపోతుంటే పాదం ఒత్తిడి తగ్గించాలి. ఆ సౌకర్యం లేని మిషనైతే గుడ్డ కింద పల్చటి కాగితం వేసి కుట్టి, తర్వాత చింపి తీసేయవచ్చు.

1. ముందు, వెనక ముక్కలను కాళ్ళ సందు దగ్గర కలిపి కుట్టాలి.
2. ఆ కుట్టు చర్మానికి తగలకుండా లోపల 7 వెడల్పు, 12 పొడవు గుడ్డ అతుకు వేసి ముందు, వెనక అంచులు కుట్టాలి.
3. పక్కలు కుట్టాలి.
4. పట్టీని గుండ్రంగా కుట్టి, నిలువున సగానికి మడవాలి. పట్టీని, కాలు అంచును నాలుగు సమభాగాలుగా గుర్తు పెట్టి, గుర్తులు కలిపి పిన్నులు పెట్టాలి.
5. పట్టీని సాగదీస్తూ, కాలు అంచును సాగదీయకుండా కుట్టాలి.
6. నడుము మడత, ఎలాస్టిక్ దశ 3లో లాగే.

కుట్టిన నమూనాల్లో పక్కన పెట్టేయాల్సి వచ్చినవి రెండు.

మొదటి నమూనాలో కాలు దగ్గర పట్టీ బదులు 6 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ వేసి ఉంది, చుట్టు 22. తొడ 25 కాబట్టి 3 సాగడం పెద్ద విషయం కాదనిపిస్తుంది. సన్నటి ఎలాస్టిక్ ఒత్తిడినంతా ఒకే గీత మీద పెడుతుంది. విప్పాక లోపలి తొడ మీద చుక్కచుక్కలుగా ఎలాస్టిక్ అచ్చు, అరగంటకు కూడా పోలేదు. దాన్ని 24కు వదులు చేస్తే అచ్చు తగ్గింది, కానీ కూర్చుని లేచినప్పుడు ఎలాస్టిక్ దారంలా చుట్టుకుని గజ్జలోకి పోతుంది. అదే 24 చుట్టును ఒక సెంటీమీటరు పైన వెడల్పున్న గుడ్డ పట్టీతో ఇస్తే రెండు సమస్యలూ పోయాయి.

రెండో నమూనాలో కాళ్ళ మధ్య వెడల్పు 9, వెనక మధ్య పొడవు 18.5. వెడల్పు ఎక్కువుంటే తడి ఎక్కువ పీలుస్తుందన్న ఆలోచనతో వచ్చింది ఆ 9. ఇంత చిన్న పిల్లల తొడల మధ్య అంత చోటు లేదు. గుడ్డ నిలువు ముడతలు పడి ఒక పక్కకు పోయి, రెండో పక్క కాలు అంచును ఎత్తేసింది. 7కు తగ్గించాక గుడ్డ సమంగా ఆనింది. వెనక 18.5 నిలబడినప్పుడు సరిపోయింది, గొంతుకు కూర్చుంటే నడుము పట్టీ సగం పిర్రల దాకా దిగింది. 2 పెంచి 20.5 చేస్తే ఆగింది. కాబట్టి తొడిగి చూసేటప్పుడు నిలబెట్టి చూస్తే చాలదు. కింద పడేసిన బొమ్మను తీయమనండి, పాటీ మీద కూర్చోబెట్టండి, మెట్టు ఎక్కించండి. వెనక పట్టీ కదలకుండా ఉంటేనే కొలత కుదిరినట్టు.

ఇప్పటిదాకా లెక్క: తొడగదగ్గవి 8 (బ్లూమర్లు 2, సొంతంగా కుట్టినవి 6). పక్కన పెట్టినవి 2. టీషర్టులు 2. ఎలాస్టిక్ 324, పక్కన పెట్టిన వాటిలోది విప్పి మళ్ళీ వాడగా.

దశ 6: ఎన్ని పొరలు

రెండేళ్ళ లోపు పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో అంచనా వేయడానికి ఒక వాడుక సూత్రం ఉంది: బరువు కిలోల్లో, దాన్ని 7తో గుణిస్తే మిల్లీలీటర్లు. 8.7 కిలోలకు సుమారు 60. కాబట్టి పరీక్షకు 60 మి.లీ. నీళ్ళు. పొడి డ్రాయరును వంటింటి తూకం మీద పెట్టి, 60 మి.లీ. నీళ్ళు కాళ్ళ మధ్య భాగంలో పది సెకన్లలో పోసి, కారడం ఆగాక మళ్ళీ తూచాలి. ఒక మి.లీ. నీళ్ళు ఒక గ్రాము కాబట్టి తేడా చూస్తే గుడ్డ ఎంత పట్టిందో తెలిసిపోతుంది.

పొర లేనిది: పొడిగా 17 గ్రాములు, తడిశాక 39. పట్టింది 22, నేల మీదికి 38.
టవల్ గుడ్డ 2 పొరలు: 28, తర్వాత 78. పట్టింది 50, నేల మీదికి 10.
టవల్ గుడ్డ 3 పొరలు: 34, తర్వాత 92. పట్టింది 58, నేల మీదికి 2.

తూకం ప్రకారం మూడు పొరలే మేలు. పాపకు తొడిగితే మాట మారుతుంది. మూడు పొరల మందం కాలు పట్టీని తొడ నుంచి దూరం జరుపుతుంది, ఆ సందులోంచి గుడ్డ పీల్చకముందే కారుతుంది. కాళ్ళ సందులో ఆ మందానికే సుమారు ఒక సెంటీమీటరు ఖర్చయి, వెనక పట్టీ కిందికి దిగుతుంది. ఇంకో సంగతి, పాపకు తడి తెలియాలి. అంతా పీల్చేసే గుడ్డలో తడిశానన్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే బయటికి వెళ్ళేటప్పుడు 2 పొరలవి, ఇంట్లో పొర లేనివి. 10 మి.లీ. కారితే ప్యాంటు కొంచెం తడుస్తుంది, మడుగు కట్టదు. ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డ పొర వేయడం ఈ సైజులో అనవసరం. అది సాగదు, గాలి ఆడదు, మళ్ళీ డైపరు దగ్గరికే తీసుకుపోతుంది.

టవల్ పొర కొలత: 20 పొడవు, మధ్యలో వెడల్పు 7, చివర్లలో 9. దశ 5లోని చిన్న అతుకు స్థానంలో దీన్ని వేయాలి. ముందు చివర, వెనక చివర మాత్రమే కుట్టి, పక్కలు వదిలేయాలి. పక్కలు కుడితే నీళ్ళు పొరల మధ్య నిలిచి, ఎండలో కూడా కాళ్ళ మధ్య భాగం ఆరనే ఆరదు. పక్కలు వదిలితే గాలి దూరి తొందరగా ఆరుతుంది. ఆడపిల్లలకు ఈ పొర కాళ్ళ సందు కుట్టుకు అటూ ఇటూ సమంగా ఉండాలి. మగపిల్లలకు 4 ముందుకు జరపాలి, లేకపోతే పొర పొడిగానే ఉండి ముందు గుడ్డ తడిసిపోతుంది.

ఇప్పటిదాకా లెక్క: తొడగదగ్గవి 12 (బ్లూమర్లు 2, పొర లేనివి 6, రెండు పొరలవి 4). టీషర్టులు 3. ఎలాస్టిక్ 486, అంటే 5 మీటర్ల చుట్ట ఒకటి చాలు.

దశ 7: పాప సొంతంగా లాగగలగాలి

సరిపోవడం ఒకటి, తీసి వేసుకోగలగడం ఇంకొకటి. దించడం అందరికీ తొందరగా వస్తుంది. ఎక్కించేటప్పుడు ఆగిపోయేది పిర్రల కింద. దగ్గరగా చూస్తే జరిగేది ఇది: పాప రెండు చేతులూ ముందు వైపే పట్టుకుని లాగుతుంది. ముందు పట్టీ బొడ్డు దాటి పైకి వచ్చేస్తుంది, వెనక పట్టీ లోపలికి చుట్ట చుట్టుకుని పిర్రల కింద బిగుస్తుంది. ఇంకా గట్టిగా లాగితే ఇంకో చుట్ట పడుతుంది.

మొదటి కారణం ఎలాస్టిక్ బిరుసు. దానికో పరీక్ష ఉంది. తయారైన డ్రాయరు నడుమును గోడ కొక్కేనికి తగిలించి, కింది వైపు నడుము పట్టీకే అరలీటరు నీళ్ళ సీసా వేలాడదీయాలి. పరిచినప్పుడు 19.5 ఉన్న పట్టీ 25 దాకా సాగాలి. 22 దగ్గరే ఆగితే ఎలాస్టిక్ బిరుసు, చిన్న చేతులకు లొంగదు. అల్లిన ఎలాస్టిక్‌లో మెత్తటి రకం తీసుకోవాలి. నడుముకు నేసిన గట్టి రకం వద్దు.

రెండో కారణం మడతలో ఎలాస్టిక్ తిరిగిపోవడం. పక్క కుట్ల మీద, వెనక మధ్యలో ఎలాస్టిక్ మీదుగా నిలువుగా మూడు చిన్న కుట్లు వేస్తే పట్టీ చుట్ట చుట్టుకోదు. ఇంత చిన్న మార్పే చాలా తేడా తెస్తుంది. పన్నెండింటికీ వేయదగ్గది.

పక్కల్లో లాగడానికి గుడ్డ ఉంగరాలు పెడితే చేతులు పక్కలకు పోతాయి, వెనక భాగం తేలిగ్గా ఎక్కుతుంది. ఉంగరం బొటనవేలు దూరేంత ఉంటే చాలు. పెద్దదైతే కుర్చీ మూలలకు, తలుపు గడియలకు తగులుకుంటుంది. ముందు ఏదో, వెనక ఏదో తెలియడానికి ముందు మధ్యలో రంగు గుడ్డ ముక్క కుట్టాలి. బొత్తాం, పూస, విల్లులాంటివి వద్దు. మూడేళ్ళలోపు పిల్లలు ఊడినదాన్ని నోట్లో పెట్టుకుంటారు, గొంతులో అడ్డం పడుతుంది. నాడా బొందు కూడా వద్దు.

దశ 8: ఉతుకు, ఎదుగుదల

తడిసినవాటిని ముందు చల్లటి నీళ్ళలో జాడించి, తర్వాత మామూలుగా ఉతకాలి. బట్టలను మెత్తబరిచే ద్రావణం టవల్ పొర మీద పూతలా పట్టి పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. కాబట్టి వీటికి వాడకూడదు. మరీ వేడిగా ఆరబెడితే ఎలాస్టిక్ పట్టు తొందరగా పోతుంది. చాలాసార్లు ఉతికాక నడుమును మళ్ళీ పరిచి కొలవాలి, 39 కాస్తా 41 అయితే ఎలాస్టిక్ మార్చే సమయం వచ్చినట్టు.

పాప ఎదుగుతుంది. నడుము నెమ్మదిగా, కాళ్ళ సందు పొడవు కాస్త వేగంగా మారుతుంది. నెలకోసారి తొడ, కాళ్ళ సందు కొలిస్తే చాలు. కాజాల ఎలాస్టిక్ వేసి లోపల బొత్తాంతో వదులు చేసుకునే పద్ధతి ప్యాంట్లకు బాగుంటుంది కానీ డ్రాయరుకు కాదు. బొత్తాం నేరుగా పొట్టకు ఒత్తుకుంటుంది, ఊడే భయం ఎలాగూ ఉంది. దాని బదులు ఎలాస్టిక్ కోసేటప్పుడే 4 ఎక్కువ కోసి, చివర్లు 1.5 బదులు 5.5 ఒకదాని మీద ఒకటి వేసి, ఆ పొడవును మడత లోపలే ఉంచేయవచ్చు. వదులు చేయాలంటే వెనక సందు విప్పి, చివర్లు జరిపి కుట్టడమే. అలా చేస్తే 12 డ్రాయర్లకు ఎలాస్టిక్ 534 అవుతుంది, 5 మీటర్ల చుట్ట చాలదు, ముందే 6 మీటర్లు తీసుకోవాలి.

కాలు పట్టీ అచ్చు విప్పిన పావుగంటకు కూడా పోకుండా ఉంటే పట్టీ చిన్నదైపోయినట్టే. పట్టీని విప్పి 1.5 పొడవైన కొత్తది వేస్తే ఆ డ్రాయరు మరికొంత కాలం వస్తుంది. తొడ 27 దాటి, కాళ్ళ సందు 40 దాటాక మాత్రం కటింగ్ పేపరే మార్చాలి. ముందు మధ్య పొడవుకు 1, వెనక మధ్య పొడవుకు 2, ప్రతి పక్క కుట్టు దగ్గర 0.5, కాళ్ళ మధ్య వెడల్పు అదే 7. పట్టీ పొడవు కొత్త కాలు అంచును కొలిచి, అందులో 85 శాతం. కుట్టుకు 1.2 కలపడం మరవకండి.